విడాకుల కేసు తేలేదాకా పోషణ ఎలా?

ప్రశ్న: మాది కావలి. ఏడాదిగా ఆరేళ్ల పాపతో పుట్టింట్లో ఉంటున్నాను. మా వారు సింగరాయకొండ దగ్గర రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని సాగు చేస్తారు. ఆయన ఒంగోలు కోర్టులో విడాకులకు వేశారు, నాకు నోటీసు అందింది. ప్రైవేటు బడిలో పాఠాలు చెబితే నాకు నెలకు రూ. 9,000 వస్తుంది. ‘నీకు జీతం ఉంది కనుక భరణం రాదు, పైగా వైరస్ వచ్చి గుంటల్లో నష్టపోయాను’ అంటున్నారు. కేసు తేలేవరకు నాన్నకు భారం కాకుండా దారేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: దారి ఉందమ్మా. తీర్పు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అడగండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, తన పోషణకూ కేసు ఖర్చులకూ సొంత ఆదాయం చాలనివారు విడాకుల కేసు నడుస్తున్న కోర్టులోనే మధ్యంతర భరణం కోరవచ్చు. కేసు వేసింది ఆయనే అయినా ఈ హక్కు మీకుంటుంది. పాప పోషణ ఖర్చునూ అందులోనే అడగండి. అవతలి పక్షానికి నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, ఈ పిటిషన్‌ను తేల్చాలని చట్టం చెబుతున్నా వాయిదాలు పడుతూనే ఉంటాయి కనుక, మొదటి వాయిదాకే దాఖలు చేయడం మంచిది.

మీకు జీతం ఉన్నంత మాత్రాన భరణం రాదనడం సరికాదు. ఆ జీతం మీ ఇద్దరికీ చాలుతుందా, ఆయన ఇంట్లో ఉన్నప్పటి స్థాయిలో బతకగలరా అన్నదే కోర్టు చూస్తుంది. 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేస్తూ, భరణాన్ని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని, భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, ఆదాయం, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని ఆదేశించింది. మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకూ పాపకూ నష్టమేనని నేను పట్టుబట్టి చెప్పడం అందుకే.

ఇక గుంటల సంగతి. తెల్లమచ్చ వైరస్‌తో పంట పోవడం మన తీరంలో నిజంగా జరిగేదే, కోర్టు దాన్ని కొట్టిపారేయదు. అయితే నోటిమాటగా నష్టమంటే చాలదు, ఆయన లెక్క చూపాలి. లీజు అగ్రిమెంటు, మేత కొట్టు ఖాతా, ఏరేటర్ల కరెంటు బిల్లులు, రొయ్యలు పట్టి తోలినప్పటి బిల్లులు, బ్యాంకు ఖాతాల వివరాలు తెప్పించమని మీ వకీలు చేత కోర్టును కోరించండి. ఒక పంట పోయినా మరుసటి పంటకు రొయ్య పిల్లలను గుంటల్లో వదిలి, మేత కొని, లీజు కట్టారంటే ఆయన చేతిలో డబ్బు ఆడుతోందని ఆ కాగితాలే చెబుతాయి. మీ వైపు నుంచి బడి ఫీజు రసీదులు, మందుల బిల్లులు జతచేయండి. మీ రూ. 9,000 జీతాన్ని మాత్రం దాచవద్దు. అఫిడవిట్‌లో అబద్ధం బయటపడితే న్యాయమైన కోరికా బలహీనపడుతుంది.

ఒంగోలు ప్రయాణం కష్టమైతే కేసు బదిలీకి హైకోర్టును ఆశ్రయించవచ్చు. లేదా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీలో 125వ సెక్షన్) కింద మీరుంటున్న ప్రాంతపు కోర్టులోనే విడిగా మనోవర్తికి వేయవచ్చు. రెండుచోట్లా వేస్తే మొదటి ఉత్తర్వు సంగతి రెండో కోర్టుకు తెలపాలి, ఆ మొత్తాన్ని సర్దుబాటు చేస్తారు. 144 కింద ఉత్తర్వు వచ్చాక ఆయన కట్టకపోతే, బాకీపడిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలుకు పిటిషన్ వేయాలి. వారెంటు తర్వాతా చెల్లించకుంటే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలుశిక్ష పడవచ్చు. వకీలు ఫీజుకు వెనకాడకండి, ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసాయం ఉంది. నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నా భార్య ప్రభుత్వ టీచరు. ప్రమాదం తర్వాత నేను పనికి వెళ్లలేకపోతున్నాను. విడాకుల కేసు నడుస్తోంది. నేను భరణం అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: 24వ సెక్షన్ కింద అడగవచ్చు, 144 కింద భర్తకు ఆ అవకాశం లేదు. పని చేయగలిగి ఉండీ మానుకున్నవారిని కోర్టులు ఆదరించవు కాబట్టి, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, వైకల్య ధ్రువపత్రం ఉంటే అదీ పిటిషన్‌తోపాటే దాఖలు చేయండి.