పాత ఫైబర్ పడవ బాగుచేస్తానంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 14 అడుగుల పడవ, ఆకారం బాగుంది, పక్కలంతా జెల్‌కోట్, అంటే ఫైబర్ మీది నున్నటి రంగు పొర, తెల్లగా పాలిపోయి ఉంది. ఏ పెయింటు కొనమంటారని అడిగావు. పెయింటు సంగతి తర్వాత చూద్దాం. ఫ్లోరు కింద ఏముందో ఒక్క ఫోటోలోనూ లేదు, నాకు కావలసింది అదే.

పాత ఫైబర్ పడవలు చాలావరకు పైన పటారం, లోన లొటారం. ఏళ్ళ తరబడి వాడినా ఫైబర్ అంత తొందరగా చెడదు. చెడేది దాని లోపలున్న చెక్క. మోటారు తగిలించే వెనక పలక, అంటే ట్రాన్సమ్, లోపల ప్లైవుడ్డే. ఫ్లోరూ ప్లైవుడ్డే. ఫ్లోరు కింద పడవ పొడుగునా ఉండే స్ట్రింగర్లు కూడా చాలా పడవల్లో చెక్కవే, మీద ఫైబర్ తొడుగు మాత్రం ఉంటుంది. ఎక్కడో ఒక స్క్రూ కన్నంలోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. బయటికొచ్చే దారి ఉండదు. చెక్క లోలోపలే కుళ్ళిపోతుంది, పైకి ఏమీ తెలియదు. నువ్వు మొదట తేల్చుకోవాల్సింది ఆ నీళ్ళు ఎక్కడ దిగాయి, ఎంత దూరం పాకాయి అన్నదే.

దానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ముందు మోటారు కింది భాగం పట్టుకుని పైకీ కిందకీ నెమ్మదిగా ఊపు. ట్రాన్సమ్ కూడా దాంతో పాటు కదులుతుంటే ఇంక అనుమానమే లేదు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ మీద పైనుంచి కిందిదాకా రెండంగుళాలకోసారి తట్టుకుంటూ రా. చెక్క గట్టిగా ఉన్నచోట ఖణీమని పలుకుతుంది. కుళ్ళినచోట, లేదా ఫైబర్ చెక్క నుంచి విడిపోయినచోట మొద్దు చప్పుడు వస్తుంది. తేడా వినపడిన చోటల్లా మార్కర్‌తో గీత గియ్యి. ఆఖరున లోపలి వైపు నుంచి, నీళ్ళు బయటికి వదిలే డ్రైన్ కన్నానికి కాస్త పైన, సన్నటి బిట్టుతో డ్రిల్ చెయ్యి. ఎంత లోతుకి వెళ్ళాలో బిట్టు మీద టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టుకో, లేకపోతే అవతలికి పొడిచేస్తావు. బిట్టుతో పాటు బయటికొచ్చే పొట్టు అసలు సంగతి చెబుతుంది. లేత రంగులో, పొడిపొడిగా వస్తే బతికిపోయావు. నల్లగా, తడిగా, వేళ్ళ మధ్య నలిపితే ముద్దయ్యేలా వస్తే ట్రాన్సమ్ మార్చాల్సిందే.

ఫ్లోరు కింద ఫోమ్ కూడా ఉండొచ్చు. పడవ నిండా నీళ్ళు వచ్చినా అడుక్కి పోకుండా తేల్చేది అదే. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ అది కూడా నీళ్ళు పీలుస్తుంది. పడవ కొత్తగా ఉన్నప్పటి బరువు ఎక్కడైనా దొరికితే, ఇప్పుడు తూకం వేయించి పోల్చు. 100 కిలోలు ఎక్కువ తూగితే, అందులో చాలావరకు ఫోమ్‌లోనూ చెక్కలోనూ చేరిన నీళ్ళేనని అనుకోవచ్చు. అలాంటి ఫోమ్ ఆరదు, తీసెయ్యాలి. దాని బదులు కొత్త ఫోమ్ పెట్టడం మాత్రం మానకు. ఖాళీగా వదిలేస్తే పడవ తేలికవుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినకు.

ట్రాన్సమ్, ఫ్లోరు, స్ట్రింగర్లు మూడూ పోయి ఉంటే ఇంకో పడవ కొనుక్కోవడమే చౌక. ఈ మాట అన్నానని కోపం తెచ్చుకోకు. అయినా ఇదే కావాలంటే చెయ్యి, కానీ కాగితాలు నీ పేరు మీదకి వచ్చాకే గ్రైండర్ ముట్టుకో. ట్రాన్సమ్ మీద సాధారణంగా కుడివైపు పై మూలలో హల్ నంబరు, అంటే పడవ గుర్తింపు నంబరు, ఉంటుంది. చెక్కేసే పనిలో అది పోకుండా ముందే టేపు వేసి ఉంచు.

ఇక కోత. చాలామంది కొంప మునిగేది ఇక్కడే. పలచటి హల్‌ని, అంటే పడవ బయటి డొప్పని, ఆకారంలో పట్టి ఉంచేవి ఫ్లోరూ స్ట్రింగర్లే. రెండూ ఒకేసారి పీకేస్తే హల్ సొంత బరువుకే వంగి మెలితిరుగుతుంది. ఆ వంకర మీద కొత్త చెక్క అతికిస్తే ఆ వంకర ఇక జన్మలో పోదు. అందుకని ముందే పడవని సమంగా నిలబెట్టి, కింద వీలైనన్ని చోట్ల గుడ్డ చుట్టిన దిమ్మలు ఆనించు. రెండు అంచుల మధ్య వెడల్పు మూడు నాలుగు చోట్ల కొలిచి రాసుకో, అక్కడే అడ్డకర్రలు బిగించు. స్ట్రింగర్లు ఒకటి పెట్టి గట్టిపడ్డాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యి. ఫ్లోరు కోసేటప్పుడు రంపం బ్లేడు లోతు ప్లైవుడ్ మందానికి మించకూడదు, హల్ పక్కన రెండంగుళాల అంచు వదలాలి. ట్రాన్సమ్ లోపలి పొర కోసి, కుళ్ళింది ఉలితో తీసెయ్యి. బయటి పొర ముట్టుకోకపోతే పడవ రూపు చెడదు. పీకిన ముక్కలు ఎంత కుళ్ళినవైనా పారెయ్యకు, కొత్తవి గీసుకోవడానికి నమూనా అవే.

ఫైబర్ దుమ్ముతో ఆటలొద్దు. దుమ్ము మాస్కు గట్టిగా పట్టి ఉండాలి, రెజిన్, అంటే ఫైబర్ గుడ్డని తడిపి గట్టిపరిచే జిగురు, పనికి ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు వేరేగా కావాలి. ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకో, పనయ్యాక చన్నీళ్ళతో స్నానం చెయ్యి. ఆ బట్టలు మాత్రం విడిగా ఉతుకు. ఆ దురద అందరికీ అంటుకుందంటే ఇల్లంతా నీ మీద కారాలు మిరియాలు నూరుతుంది.

రెజిన్ దగ్గర నీకు టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది. పాలిస్టర్ చౌక, పాత పడవలు చాలావరకు దాంతోనే కట్టారు. ఎపాక్సీ ఖరీదు, కానీ పాత ఫైబర్‌నీ చెక్కనీ గట్టిగా పట్టుకునేది అదే. పడవ చిన్నది, ఎక్కువ పట్టదు కాబట్టి నా మాట విని ఎపాక్సీయే కొను. పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగ్గా పట్టదు. అంటే ఒకసారి ఎపాక్సీ మొదలెట్టాక మధ్యలో మార్చడం కుదరదు. మ్యాట్, అంటే ఫైబర్ పోగుల చాప, దగ్గరా చూసుకోవాలి. మామూలు చాప్డ్ మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరిన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరిన్ ఉండదు, అందుకే మ్యాట్ మూలల్లో వంగకుండా బిరుసుగా నిలబడుతుంది. నేసిన గుడ్డ గానీ, రెండు దిక్కుల పోగులు పేర్చి కుట్టిన బయాక్సియల్ గుడ్డ గానీ తీసుకో.

పాలిస్టర్‌లో కాటలిస్టు, అంటే దాన్ని గట్టిపరిచే మందు, వేడిని బట్టి 1 నుంచి 2 శాతం, అంటే లీటరుకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు వేస్తారు. ఎపాక్సీకి ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద రెజిన్ 2కి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 1 అని ఉంటే 2కి 1 వెయ్యాల్సిందే. తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువేస్తే అసలు సరిగ్గా గట్టిపడదు. కలిపింది లోతైన కప్పులో ఉంచితే తనలో తనే వేడెక్కి పొగలు కక్కుతుంది. వెడల్పాటి ట్రేలోకి వంచితే కాస్త టైము దొరుకుతుంది. ఎప్పుడైనా పాలిస్టరే వాడాల్సి వచ్చి, దాంతో కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగవంతం చేసే మందు) కూడా విడిగా ఇస్తే, కోబాల్ట్‌నీ కాటలిస్టునీ నేరుగా ఎప్పుడూ కలపకు. పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే కాటలిస్టు. కాటలిస్టు కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్ళకి గాగుల్స్ లేకుండా ఆ సీసా మూత తియ్యకు.

చెక్కకి అంచులతో సహా ముందు ఎపాక్సీ పట్టించు. చెక్కా హల్ కలిసే మూలలో గుడ్డ లంబకోణానికి వంగదు, కింద బోలు మిగిలిపోతుంది. అందుకని రెజిన్‌లో సిలికా పొడి కలిపి పుట్టీలా చేసి, మూలని గుండ్రంగా నింపి, దాని మీద గుడ్డ పరుచు. పొడి గుడ్డ తెల్లగా ఉంటుంది, రెజిన్ పూర్తిగా పడితే పారదర్శకమై కింద చెక్క కనబడుతుంది. ఎక్కడైనా తెలుపు మిగిలిందంటే అక్కడ రెజిన్ పట్టలేదనో, గాలి చిక్కుకుందనో అర్థం. రోలర్‌తో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ వెళ్ళు. గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలితే తర్వాతి పొర పట్టదు. ముందు నీళ్ళతో కడిగి, ఆ తర్వాతే శాండ్‌పేపర్ పెట్టు. వరస మారితే జిడ్డుని ఇంకా లోపలికి రుద్దినట్టవుతుంది.

హల్‌లో ఆ చిల్లు గురించి అడిగావు కదా. దాన్ని బిరడా బిగించినట్టు పూడిస్తే నిలవదు. చుట్టూ ఏటవాలుగా అరగదియ్యాలి, మందానికి 12 రెట్లు. హల్ అక్కడ 3 మిల్లీమీటర్లుంటే చిల్లు చుట్టూ 36 మిల్లీమీటర్ల వాలు రావాలి. చూడ్డానికి చిన్న చిల్లుని పెద్ద గొయ్యి చేసినట్టుంటుంది, భయపడకు.

మోటారు బోల్టులు బిగించే దగ్గర మాత్రం బద్ధకించకు. పాత ట్రాన్సమ్‌లోకి నీళ్ళు దిగే దారుల్లో ముఖ్యమైనవి ఈ కన్నాలే. కావలసినదానికన్నా పెద్ద కన్నం వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి బోల్టు కన్నం వెయ్యి. అప్పుడు నీళ్ళు చేరినా చెక్కదాకా పోవు. డ్రైన్ కన్నానికీ, ఫ్లోరు మీది ప్రతి స్క్రూకీ ఇదే పద్ధతి.

ఫ్లోరు మూసే ముందు పడవ ముక్కు కొంచెం ఎత్తి, ముందు వైపు ఒక బకెట్ నీళ్ళు పొయ్యి. అవి ఎక్కడా నిలవకుండా డ్రైన్ దాకా పారాలి. నిలిస్తే ఇప్పుడే దారి తియ్యి, మూశాక చేసేదేమీ ఉండదు.

పెయింటు బహుశా నీకు అక్కర్లేదు. పాలిపోయిన జెల్‌కోట్‌లో ఇంకా మందం మిగిలి ఉంటే 600, తర్వాత 1000, తర్వాత 1500 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, కాంపౌండ్ పట్టించి వ్యాక్స్ వేస్తే మెరుస్తుంది. ఒక అడుగు మేర ప్రయత్నించి చూశాకే డబ్బు ఖర్చుపెట్టు. ఎపాక్సీతో పూడ్చిన చోట మటుకు పెయింటే వెయ్యి. దాని మీద మామూలు జెల్‌కోట్‌ని నమ్ముకోలేం.

ప్లైవుడ్ ఇప్పుడే కొనకు. ముందు ఆ డ్రిల్లు పొట్టు ఒక తెల్ల కాగితం మీద పరిచి, వెలుతుర్లో ఫోటో తీసి పంపు. అది చూశాక ఎంత కొనాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న