డాక్టర్ సలహా: నిద్ర మూడు గంటలే, అయినా హుషారు.. పుట్టగొడుగుల పొడి వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తమ్ముడికి 27 ఏళ్లు. డిప్రెషన్‌కు ఎనిమిది నెలలుగా ఎసిటాలోప్రామ్ 10 మి.గ్రా. రోజుకొకటి, లిథియం 300 మి.గ్రా. రెండు పూటలా వాడేవాడు. లండన్‌లో శాస్త్రవేత్త రాబిన్ కార్‌హార్ట్-హారిస్ చేసిన పరిశోధనల గురించి చదివి, మ్యాజిక్ మష్రూమ్ ఒక్క డోసుతో మెదడు మళ్లీ కొత్తదవుతుందంటున్నాడు. మూడు వారాల కిందట మాత్రలన్నీ ఆపేశాడు. ఆన్‌లైన్‌లో పొడి తెప్పించాడు, ఇంకా వేసుకోలేదు. ఇది మాత్రల కన్నా మేలా? ఎంత వేసుకుంటే ప్రమాదం లేదు? ఇప్పుడైతే బాగానే ఉన్నాడు. వారంగా మూడు గంటలే పడుకుంటున్నా అలసట లేదు, వ్యాపారం పెడతానని అప్పులు తెస్తున్నాడు. మా మేనమామకు ఒకప్పుడు ఇలాగే అయితే విశాఖ మానసిక ఆసుపత్రిలో ఉంచారు.

జవాబు: ‘బాగానే ఉన్నాడు’ అన్నారు. నాకలా అనిపించడం లేదు. నిద్ర తగ్గినా నీరసం లేకపోవడం, అప్పులు, పెద్ద పెద్ద పథకాలు, పైగా మేనమామ చరిత్ర. మనిషిని చూడకుండా జబ్బు పేరు తేల్చి చెప్పలేను కానీ, కాదని తేలేదాకా దీన్ని ఉన్మాదం, అంటే మేనియా మొదలైనట్టుగానే చూడాలి. లిథియం ఉన్నట్టుండి ఆపేస్తే, ముఖ్యంగా బైపోలార్ జబ్బున్నవారిలో (ఒకసారి ఉన్మాదం, ఒకసారి డిప్రెషన్ వచ్చే జబ్బు), కొద్ది వారాల్లోనే ఇలా తిరగబెట్టడం మాకు బాగా తెలిసిన సంగతి. ఆపిన రోజే డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది. మూడు వారాలు చూస్తూ ఊరుకోవడం మాత్రం సరికాదమ్మా.

ఇక ఆ పరిశోధన. 2012లో కార్‌హార్ట్-హారిస్ బృందం ఆరోగ్యవంతులకు మ్యాజిక్ మష్రూమ్‌లో ఉండే సైలోసైబిన్ అనే పదార్థాన్ని నరంలోకి ఎక్కించి మెదడు స్కాన్ తీసింది. మెదడు పని పెరుగుతుందనుకుంటే, కొన్ని కీలక కేంద్రాల్లో తగ్గింది. మనిషి తన గురించే తాను ఆలోచించుకుంటున్నప్పుడు చురుగ్గా ఉండే భాగాలవి. డిప్రెషన్‌లో అదే ఆలోచన సుడి తిరుగుతుంటుంది కాబట్టి, చికిత్సగా పనికొస్తుందేమోనన్న ఆశకు బలం వచ్చింది. 2016లో 12 మంది రోగుల మీద చూశారు. 2021లో 59 మందితో సైలోసైబిన్‌ను నేరుగా ఎసిటాలోప్రామ్‌తోనే పోల్చారు, మీ తమ్ముడు మానేసిన మాత్రతోనే. ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో ఆరు వారాలకు రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇతర కొలమానాల్లో సైలోసైబిన్‌కు మొగ్గు కనిపించింది. శీర్షికల్లోకి ఎక్కింది అదే.

అక్కడ ఇచ్చింది కొలిచిన 25 మి.గ్రా. శుద్ధమైన మందు. పాత మాత్రలను డాక్టర్ల పర్యవేక్షణలోనే ఆపించారు. మందు ప్రభావం ఉన్నన్ని గంటలూ శిక్షణ పొందినవారు పక్కనే కూర్చున్నారు. ఇంట్లో సైకోసిస్, అంటే భ్రమల్లో పడి వాస్తవం తెలియకపోయే జబ్బు, చరిత్ర ఉన్నవారిని ఇలాంటి పరీక్షల్లో మామూలుగా చేర్చుకోరు. ఉన్మాదంలో ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. మీ తమ్ముడు అక్కడికే వెళ్లినా గుమ్మంలోనే వెనక్కి పంపేవారు.

కాబట్టి డోసు అడగకండి, చెప్పను. ఆ పొడి ఏ పుట్టగొడుగుదో చూసి ఎవరూ చెప్పలేరు. మీ వైపు వానాకాలంలో అడవి పుట్టగొడుగులు తిని ప్రాణం మీదకు తెచ్చుకోవడం కొత్త కాదు. కాలేయాన్ని దెబ్బతీసే రకాలు తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఏమీ తెలియనివ్వవు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి తేరుకున్నట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది. ఒకవేళ మింగితే లక్షణాల కోసం చూడకుండా మిగిలిన పొడితో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సైలోసైబిన్ మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నిషిద్ధం కూడా.

ఇంకో భయం ఉంది. మీరు కంగారుపడి లిథియం మళ్లీ ఇవ్వడం, అతను అటు పొడి మింగడం. ఈ రెండూ కలిసినప్పుడు మూర్ఛలు వచ్చినట్టు వాడినవారి కథనాలున్నాయి. ఎసిటాలోప్రామ్ ఒక్కటే మళ్లీ మొదలుపెడితే ఉన్మాదం ఇంకా ఎగదోసే ప్రమాదముంది. ఏ మాత్రా సొంతంగా మొదలుపెట్టకండి. లిథియం మళ్లీ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్ పరీక్షలు చూసి సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు. ఇచ్చాక రక్తంలో దాని మోతాదు చూడాలి, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. అప్పుడు ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొని వేయకండి, లిథియం రక్తంలో పెరిగిపోతుంది.

రేపే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, విశాఖకో తీసుకెళ్లండి. పాత చీటీలు, మిగిలిన మాత్రలు వెంట ఉంచుకోండి. అప్పటిదాకా అతనితో వాదించొద్దు. ఏటీఎం కార్డు, బండి తాళం మీ దగ్గర పెట్టుకోండి, రాత్రి ఒకరు తోడు పడుకోండి. బొత్తిగా నిద్రపోకపోయినా, చనిపోతానన్నా, కొట్టడానికి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఎలా మాట్లాడాలో తోచకపోతే మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా చేయొచ్చు.

వెళ్లేముందు మీ మేనమామగారు ఏ మందుతో కుదుటపడ్డారో అమ్మగారిని అడిగి కాగితం మీద రాసుకోండి. ఆయనకు లిథియం బాగా పనిచేసి ఉంటే మీ తమ్ముడికీ పనిచేసే అవకాశం ఎక్కువ, డాక్టరుకు ఆ ఒక్క ముక్క చాలా ఉపయోగపడుతుంది.