‘ఖననం’ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

‘ఖననం’ అంటే నేడు మనకు మృతదేహాన్ని పూడ్చిపెట్టడమే గుర్తుకు వస్తుంది గానీ, ఆ మాటకు మూలార్థం తవ్వడం మాత్రమే. సంస్కృతంలో తవ్వడాన్ని చెప్పే ‘ఖన్’ ధాతువు నుంచి ఇది పుట్టింది. మనం గని అని పిలుచుకునే ఖని, అందులో దొరికే ఖనిజం, కోట చుట్టూ తవ్విన పరిఖ, పురావస్తు శాఖవారు జరిపే ఉత్ఖననం, ఇవన్నీ ఆ ధాతువు సంతానమే.

అంత్యక్రియతో దీని సంబంధం కూడా చాలా పాతది. అథర్వవేదం 18వ కాండలో పితరులను ఆహ్వానించే ఒక మంత్రం ‘దగ్ధాః’, అంటే దహనమైనవారితో పాటు ‘నిఖాతాః’ అని మరికొందరిని పిలుస్తుంది. ‘ని’ అనే ఉపసర్గ లోపలికి, కిందికి అనే భావాన్ని చేర్చడం వల్ల ఆ మాటకు భూమిలో పాతిపెట్టబడినవారు అని అర్థం. దహనం, ఖననం రెండూ ఆనాడే తెలిసినవని ఈ ఒక్క మంత్రమే చెబుతోంది.

అచ్చతెలుగు మాట ‘పూడ్చు’ దారి వేరు. బావి పూడిపోయింది అన్నప్పుడు వినిపించే ‘పూడు’ నుంచి వచ్చిన ఈ క్రియ గోతిని నింపడాన్ని చెబుతుంది, ఖననమేమో గోతిని తవ్వడాన్ని చెబుతుంది.