ఫ్యాన్ రిమోట్ మొరాయిస్తోంది, కొత్తది కొనేయమంటారా?

ప్రశ్న: మా హాల్లో రిమోట్‌తో నడిచే సీలింగ్ ఫ్యాన్ ఉంది. కొద్ది రోజులుగా రిమోట్ దగ్గరికెళ్లి నొక్కితేనే పనిచేస్తోంది, ఒక్కోసారి అలా కూడా పనిచేయడం లేదు. గోడ స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది గానీ స్పీడు మారడం లేదు. బ్యాటరీలు మార్చి చూశాం. దొరికిన రిమోట్ ఏదో ఒకటి కొనేయొచ్చా, లేక ఫ్యానే మార్చాలా?

జవాబు: ఫ్యాన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్విచ్ వేయగానే తిరుగుతోందంటే మోటారు బాగానే ఉన్నట్టు. తేల్చుకోవాల్సింది ఒక్కటే, తప్పు రిమోట్‌లో ఉందా, పైన సిగ్నల్ అందుకునే రిసీవర్‌లో ఉందా అన్నది. అది తేలకుండా రిమోట్ కొంటే డబ్బు దండగ.

రిమోట్ ముందు భాగంలో చిన్న బల్బు కనిపిస్తే అది ఇన్‌ఫ్రారెడ్ రిమోట్. ఫోన్ కెమెరా తెరిచి, ఆ బల్బును కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. మన కంటికి కనిపించని ఆ వెలుగు ఫోన్ తెరమీద తెల్లగానో, కాస్త ఊదారంగులోనో మిణుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరా ఈ వెలుగును ఆపేస్తుంది, అందుకని సెల్ఫీ కెమెరాతో కూడా చూడండి, ముందుగా బాగా పనిచేస్తున్న టీవీ రిమోట్‌తో ఒకసారి చూసుకుంటే మీ కెమెరా సంగతి కూడా తెలిసిపోతుంది. బల్బు లేని రిమోట్ అయితే చాలావరకు రేడియో సిగ్నల్‌తో పనిచేసేదే, దానికి ఈ పరీక్ష పనికిరాదు.

వెలుగు రాలేదా, మసకగా వచ్చిందా? అప్పుడు లోపం రిమోట్‌లోనే. దగ్గరికెళ్తేనే పనిచేస్తోందన్నారు కాబట్టి నాకు అనుమానం ముందు బ్యాటరీ పెట్టే చోటి మీదే. అక్కడి స్ప్రింగుల మీద తెల్లటి పొడి గానీ పచ్చటి చిలుము గానీ ఉందేమో చూడండి. ఆల్కలైన్ బ్యాటరీలు కారితే ఆ తెల్ల పొడి పేరుకుంటుంది, ఇక ఎన్ని కొత్తవి వేసినా కరెంటు సరిగ్గా అందదు. దూది పుల్లకి రెండు చుక్కల వెనిగర్ అద్ది రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక బ్యాటరీలు వేయండి, రెండూ కొత్తవే, ఒకే రకానివే. ఒకటో రెండో బటన్లు మాత్రమే పనిచేయకపోతే, రబ్బరు బటన్ల అడుగున ఉండే నల్లటి చుక్కలు అరిగిపోవడమో, వాటికి జిడ్డు పట్టడమో కారణం. జిడ్డు తుడిస్తే పోతుంది, అరుగుదలకు మాత్రం మందు లేదు.

వెలుగు బాగా వస్తోందా? అయితే పైకి చూడాలి. ఫ్యాన్ మీద సిగ్నల్ అందుకునే చిన్న కన్ను దుమ్ము పట్టి ఉండొచ్చు. నేరుగా పడే ఎండ గానీ, కొన్ని ఎల్‌ఈడీ బల్బుల వెలుగు గానీ సిగ్నల్‌కి అడ్డుపడతాయి, కాబట్టి కర్టెన్ వేసి, లైట్లు ఆపి ఒకసారి ప్రయత్నించండి. తర్వాత ఫ్యాన్‌కి కరెంటు ఆపి, కొన్ని నిమిషాలు ఆగి వేయండి. రేడియో రిమోట్ ఉన్న చాలా ఫ్యాన్లలో కరెంటు వచ్చిన కొద్ది సెకన్లలోపే ఒక బటన్ నొక్కి పట్టుకుంటే రిమోట్, ఫ్యాన్ మళ్లీ జతవుతాయి. అది ఏ బటనో మాన్యువల్‌లో ఉంటుంది.

ఇంత చేసినా దారికి రాకపోతే అప్పుడు కొనే మాట. చూడ్డానికి ఒకేలా ఉందని రిమోట్ కొనకండి. పాత రిమోట్ వెనక ఉన్న నంబరు, ఫ్యాన్ మోటారు మీదో, పైన కప్పులో ఉన్న రిసీవర్ మీదో ఉన్న మోడల్ నంబరు ఫోటో తీసుకుని వాటికి సరిపోయేదే అడగండి. రేడియో రిమోట్ అయితే ఫ్రీక్వెన్సీ కూడా కలవాలి, 433.92 మెగాహెర్ట్జ్ రిమోట్ 315 మెగాహెర్ట్జ్ రిసీవర్‌తో మాట్లాడదు. ఇన్‌ఫ్రారెడ్ బ్లాస్టర్ (రిమోట్‌లా సిగ్నల్ పంపే బల్బు) ఉన్న ఫోన్ మీ దగ్గరుంటే, ఇన్‌ఫ్రారెడ్ ఫ్యాన్‌కి యాప్‌లో మీ మోడల్ దొరుకుతుందేమో ముందు చూడండి, దొరికితే అసలు కొనే పనే లేదు.

రిసీవరే పోయిందా? మామూలు ఏసీ మోటారు ఫ్యాన్‌కి రిమోట్, రిసీవర్ కలిపి కిట్‌గా దొరుకుతాయి. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్‌కి మాత్రం ఆ కిట్ పెట్టనే కూడదు, దాని సర్క్యూట్ వేరు, అదే మోడల్ బోర్డు వేయించుకోవాలి. గోడ మీది పాత రెగ్యులేటర్‌తో కూడా దాన్ని నడపకండి, తీసేయిస్తే మంచిది. వైర్లు ముట్టుకునే ముందు ఎంసీబీ (మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్) ఆపి, టెస్టర్‌తో చూసుకోండి. గోడ స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, వైరింగ్ తిరగేసి, స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్ వైరుకి పెట్టి ఉంటే స్విచ్ ఆపినా వైర్లో కరెంటు ఉంటుంది. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: మా గదిలో రిమోట్ నొక్కితే పక్క గది ఫ్యాన్ కూడా ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: గోడ దాటుతోందంటే మీది రేడియో రిమోట్, రెండు ఫ్యాన్లకీ కోడ్ ఒకటే పడింది. రిమోట్ బ్యాటరీ మూత తీస్తే లోపల బుల్లి స్విచ్‌లు వరుసగా ఉన్నాయేమో చూడండి. నాలుగుంటే 16 రకాలుగా పెట్టుకోవచ్చు. ఒకదాన్ని మార్చి, ఎంసీబీ ఆపాక మీ ఫ్యాన్ రిసీవర్‌లో కూడా అచ్చం అలాగే మార్చండి. అలాంటి స్విచ్‌లు లేని రకమైతే పక్క గది ఫ్యాన్‌కి కరెంటు ఆపి, మీ ఫ్యాన్‌ని ఒక్కదాన్నే మీ రిమోట్‌తో మళ్లీ జతచేయండి. రెండూ ఆన్‌లో ఉండగా చేస్తే మళ్లీ రెండూ కలిసిపోతాయి.