రెండో రేస్ కారు కొనే ముందు తొమ్మిది నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. నాకు 50 ఏళ్లు. సొంత లిమిటెడ్ కంపెనీ మీద ఐటీ కాంట్రాక్టులు చేస్తుంటాను. మా అబ్బాయికి 21, డిగ్రీ చివరి ఏడాది. మూడేళ్లుగా ఇద్దరం 1965 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్‌తో క్లబ్ రేసులకు వెళ్తున్నాం. ఏడాదికి ఆరు రేసులు, సుమారు 9,000 పౌండ్ల ఖర్చు. ఉన్నది ఒకటే కారు కాబట్టి ఇద్దరు డ్రైవర్లు పంచుకునే రేసులకే వెళ్లగలుగుతున్నాం. ఇప్పుడు ఒక ట్రయంఫ్ టీఆర్4 అమ్మకానికి వచ్చింది. ఇంటి మీద సెకండ్ చార్జ్ లోన్ (ఇప్పటికే లోన్ ఉన్న ఇంటినే మళ్లీ తాకట్టు పెట్టి తీసుకునే అప్పు) 35,000 పౌండ్లు, 9 శాతం వడ్డీకి, 10 ఏళ్లకు ఇస్తామంటున్నారు. నాకు 55 రాగానే పెన్షన్‌లో పన్ను లేని 25 శాతం తీసి దాన్ని తీర్చేద్దామని ఆలోచన. పెన్షన్‌లో 2,40,000, ఐసాలో (పన్ను లేని పొదుపు ఖాతా) 18,000, బ్యాంకులో 7,000 పౌండ్లు ఉన్నాయి. మంగళగిరి దగ్గర ఒక ప్లాటు ఉంది. ఇంటి ఖర్చు నెలకు 4,200. రేసులతో సహా అన్నీ పోను నెలకు 900 మిగులుతుంది. గత ఏడాది ఇంటి లోన్ పెంచినప్పుడు లైఫ్ కవర్, ఇన్‌కమ్ ప్రొటెక్షన్ (జబ్బు చేసి పని చేయలేకపోతే నెలనెలా డబ్బిచ్చే బీమా) తీసుకున్నాను. ప్రమాదకరమైన హాబీలు ఉన్నాయా అన్నచోట ‘లేవు’ అని పెట్టాను, ఏడాదికి ఆరుసార్లే కదా అని. పాత కార్ల ధరలు పెరుగుతూనే ఉంటాయి, ఇది పెట్టుబడి కూడా అంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు: మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. పిట్‌లో కారు ఆగి ఉంది. మీరు అప్పుడే సీట్లో కూర్చున్నారు. హెల్మెట్ తీయకుండానే మీ అబ్బాయి లోపలికి వంగి మీ భుజాల మీది బెల్టులు బిగిస్తున్నాడు. 21 ఏళ్ల కొడుకు తండ్రితో కలిసి ఇంత ఇష్టంగా ఒక పని చేయడం ఎంతమందికి దొరుకుతుంది? అందుకే రేసులు మానేయమని నేను చెప్పను. టీఆర్4 మాత్రం కొనొద్దు. ఇంటి మీద అప్పు చేసి అసలే కొనొద్దు.

ఈ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబివ్వడానికి కారణం కారు కాదు, ఫారంలో మీరు పెట్టిన ఆ ‘లేవు’ అన్న ఒక్క మాట. రేసులు కాకపోతే స్కీయింగ్, అదీ కాకపోతే స్కూబా డైవింగ్, బైక్ ట్రాక్ డేస్. మనవాళ్లలో ఎంతమంది ఇలాగే టిక్ పెట్టి వస్తున్నారో చూస్తుంటే భయమేస్తోంది. మోటార్ రేసింగ్‌కు ‘ఏడాదికి ఆరుసార్లే’ అన్న మినహాయింపు లేదు. బ్రిటన్‌లో 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకు జాగ్రత్తగా, నిజం చెప్పడం మీ బాధ్యత. తెలిసీ అబద్ధం చెప్పారని తేలితే కంపెనీ పాలసీని మొత్తం రద్దు చేయొచ్చు, కట్టిన ప్రీమియం కూడా మామూలుగా తిరిగి రాదు. అజాగ్రత్త వల్ల జరిగిందనుకుంటే, నిజం ముందే తెలిసి ఉంటే కంపెనీ ఏం చేసేదో ఇప్పుడూ అదే చేస్తుంది. ఎక్కువ ప్రీమియం తీసుకునేదైతే క్లెయిమ్‌ను ఆ మేరకు తగ్గిస్తుంది. రేసింగ్‌ను మినహాయించేదైతే ట్రాక్ మీద తగిలిన దెబ్బకు ఏమీ రాదు. మూడేళ్లుగా రేస్ లైసెన్స్ ఉన్న మనిషి గత ఏడాది ‘లేవు’ అని రాస్తే అది అజాగ్రత్త అని నమ్మించడం తేలిక కాదు.

కాగితం తప్పైతే కుటుంబం ఏమవుతుందో రేసింగ్ చేసేవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. బ్రిటిష్ రేసర్ గ్రాహం హిల్ 1962లో, 1968లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్. 1975 నవంబరు 29 రాత్రి తన టీమ్ మనుషులతో కలిసి సొంత విమానాన్ని తానే నడుపుకుంటూ వస్తుండగా లండన్ ఉత్తరాన పొగమంచులో అది కూలి ఆరుగురూ చనిపోయారు. విమానం రిజిస్ట్రేషన్, పైలట్ అనుమతుల కాగితాలు సరిగా లేవు, బీమా వర్తించలేదు. మిగతావాళ్ల కుటుంబాలకు పరిహారం హిల్ ఆస్తిలోంచే ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికి కొడుకు డేమన్‌కు 15 ఏళ్లు. తర్వాత లండన్‌లో మోటార్ సైకిల్ కొరియర్‌గా పనిచేసి, కష్టపడి పైకొచ్చి 1996లో తానూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ విజయం గురించి అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం అంత పేరున్న ఇంట్లో, కాగితాల దగ్గర జరిగిన పొరపాటుకు ఆ తల్లీ పిల్లలు పడ్డ అవస్థే గుర్తొస్తుంది.

కాబట్టి ఈ వారమే బీమా కంపెనీకి ఉన్నదున్నట్టు ఈమెయిల్ రాయండి. ఏ రకం కారు, ఏడాదికి ఎన్ని రేసులు, ఎప్పటినుంచి, అన్నీ. ప్రీమియం పెంచొచ్చు, రేసింగ్‌కు కవర్ ఉండదనొచ్చు, రద్దు చేసి మళ్లీ దరఖాస్తు పెట్టమనొచ్చు. ఏదైనా ఇప్పుడే తెలియడం మేలు. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా ఇద్దరూ ట్రాక్ మీదికి వెళ్లకండి.

ఇక డబ్బు. మీ చేతిలో ఉన్న నగదు 7,000. నెల ఖర్చు 4,200. అంటే రెండు నెలలు కూడా రాదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలు కావాలి, 37,800 పౌండ్లు. మీకు సిక్ లీవ్ లేదు. స్టాట్యుటరీ సిక్ పే (జబ్బు చేసినప్పుడు చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన డబ్బు) 2025-26లో వారానికి 118.75 పౌండ్లు, అదీ గరిష్ఠంగా 28 వారాలు. మీ విషయంలో అది ఇవ్వాల్సింది మీ కంపెనీయే, అంటే మీ జేబే. చెయ్యి విరిగిన నెలలో ఇన్వాయిస్ ఉండదు. కాంట్రాక్టు రెన్యూ అవుతుందన్న హామీ అంతకన్నా లేదు.

మీ కేసులో అసలు ప్రమాదం ఇంకొకటి. మీరు రాసిన లెక్కలో అది ఎక్కడా కనపడలేదు. ట్రాక్ మీదికి వెళ్లేది మీరొక్కరే కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. తండ్రి మీలాగే కాంట్రాక్టర్. కొడుక్కి బైక్ ప్రమాదంలో తొడ ఎముక విరిగింది. ఆస్పత్రి, ఆపరేషన్లు, ఫిజియోథెరపీ కలిపి నాలుగు నెలలు. ఏ తండ్రి అయినా లాప్‌టాప్ ముందు కూర్చోగలడా? మూడో వారంలో ఆయన కాంట్రాక్టు పోయింది. ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ ఉంది, కానీ జబ్బు పడింది ఆయన కాదు కాబట్టి పైసా రాలేదు. ఊళ్లో స్థలం అమ్మకానికి పెట్టారు. అవసరం తెలిసినవాళ్లంతా ధర తగ్గించి అడిగారు. చివరికి ఆ నాలుగు నెలలూ క్రెడిట్ కార్డుల మీద నడిచాయి, వాటిని తీర్చడానికి మూడేళ్లు పట్టింది. కొడుకు మంచం పట్టినప్పుడు తండ్రి జీతాన్ని మామూలు ఇన్‌కమ్ ప్రొటెక్షన్ నిలబెట్టదు. బ్యాంకులో ఉన్న డబ్బే నిలబెడుతుంది. మీ మంగళగిరి ప్లాటును ఈ లెక్కలో వేసుకోకండి.

ఆ లోన్ తీసుకుంటే నెలకు సుమారు 443 పౌండ్ల కిస్తీ. పదేళ్లలో మొత్తం 53,200. అంటే 35,000 పౌండ్ల కారు మీద 18,000 పైగా వడ్డీ. ఇప్పుడు మిగులుతున్న 900లో సగం దానికే పోతుంది. రెండో కారుకు టైర్లు, ఎంట్రీ ఫీజు, ట్రైలర్ వేరే. మీరు మామూలుగా కట్టే క్లాసిక్ కారు బీమా రేసులో జరిగిన నష్టానికి వర్తించదు. ట్రాక్ డ్యామేజ్ కవర్ విడిగా తీసుకోవాలి, అది ఖరీదైనది, పైగా ఎక్సెస్ (నష్టంలో మీరే భరించాల్సిన వాటా) పెద్దది. మొదటి మలుపులో ఎవరో వెనక నుంచి గుద్దితే కారు పోతుంది, కిస్తీ మాత్రం పదేళ్లు ఉంటుంది. కిస్తీ కట్టలేకపోతే పోయేది ఇల్లు.

ఇక 55కి పెన్షన్ తీసి తీరుస్తానన్న మాట. మామూలు పెన్షన్ పథకమైతే మీకు ఆ వీలు లేదు. 2028 ఏప్రిల్ 6 నుంచి పెన్షన్ ముట్టుకునే కనీస వయసు 57కు పెరుగుతోంది. మీకు 55 వచ్చేది ఆ తర్వాతే. మీరు వేసుకున్న ప్లాన్ రెండేళ్లు వెనక్కి జరిగిపోయింది, మీకు ఆ సంగతి తెలియదు. ఒక అప్పును ఇలాంటి ఊహ మీద నిలబెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. పెన్షన్ మీ ఇద్దరి ముసలితనానికి. కారుకు కాదు.

పెట్టుబడి అంటారా? ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. చాలా అందమైన కార్లు, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, రేసులకు అందుకే అంత అనుకూలం. అరుదైనవి మాత్రం కావు. టీఆర్4 వాటికన్నా తక్కువే, అయినా ఆదివారం ఆదివారం గుద్దులు తినే కారు ధర గరాజ్‌లో దుప్పటి కప్పుకున్న కారు ధరలా పెరగదు. కారు అమ్మి లాభం వస్తే పన్ను లేదన్నది నిజమే. నష్టమొస్తే దాన్ని పన్నులో చూపించుకోవడానికీ లేదు.

చేయాల్సింది ఇది. వచ్చే రెండు సీజన్లు ఆరు రేసుల బదులు మూడే వేయండి. ఇంటికి దగ్గరని ఒకటి సిల్వర్‌స్టోన్‌లో పెట్టుకోండి. ఏడాదికి 4,500 మిగులుతుంది, అంటే నెలకు 375. ఇప్పటి 900తో కలిపితే 1,275. కావాల్సిన 30,800 దాదాపు రెండేళ్లలో పోగవుతుంది. ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలోనే వేయండి, ఫండ్లలో వద్దు. ఐసాను కదపకండి, తప్పనిసరైతే అది రెండో వరుస. నిధి నిండాక ఇన్‌కమ్ ప్రొటెక్షన్‌లో వెయిటింగ్ పీరియడ్‌ను (డబ్బు రావడం మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) 26 వారాలకు మార్పించుకోవచ్చు, ప్రీమియం బాగా తగ్గుతుంది. రేసింగ్ వల్ల పెరిగిన భారంలో కొంత అక్కడ వెనక్కి వస్తుంది. ప్లాటు నిజంగా అక్కర్లేనిదైతే తీరిగ్గా, మంచి ధరకు అమ్మండి, ఆ లాభం మీద రెండు దేశాల పన్నూ ముందే లెక్క వేయించుకోండి. వీలునామా లేకపోతే ఇద్దరూ రాయించండి.

రేసుకు ముందు మీ బెల్టులు తనిఖీ చేస్తారు కదా. వాటికి కుట్టిన చీటీ మీద గడువు ఏ ఏడాదితో ముగుస్తుందో ఉంటుంది. నిబంధనలు ఒప్పుకునే గడువు దాటితే ఎంత కొత్తగా కనిపించినా కారును బయటికి వదలరు. మీ ఇంట్లో ఆ తనిఖీ చేస్తున్నది మీ శ్రీమతి గారు. ఇల్లు ఇద్దరి పేరునా ఉంటే ఆమె సంతకం లేకుండా ఈ లోన్ రాదు. పెట్టమని ఇంకోసారి అడగకండి. ముందు బీమా కంపెనీకి ఈమెయిల్, ఆ తర్వాత టీఆర్4 అమ్మేవాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పండి.