సముద్రంలోని గాలిమరలకు పనిచేసే ఓడల్లో బ్యాటరీ ఎందుకు? వరంగల్ డిప్లొమా వాళ్లకు అక్కడ పని దొరుకుతుందా?

తమ్ముడూ, బ్యాటరీ పెడితే ఆ ఓడల పొగ నిజంగా తగ్గుతుందా, ఎలక్ట్రికల్ డిప్లొమాతో అక్కడ పని ఉంటుందా అని అడిగినవు. మాది కాజీపేట. డీజిల్ లోకో షెడ్‌లో అప్రెంటిస్ చేసి, గల్ఫ్‌లో ఒక యార్డులో ఆరేళ్లు ఓడల కేబుళ్లు లాగిన. అందులో రెండు హైబ్రిడ్ ఓడలు, అంటే డీజిల్ జనరేటర్లతోపాటు బ్యాటరీ కూడా ఉన్నవి.

ఓడంతా బ్యాటరీ మీదే నడుస్తుందనుకోకు. ఇంగ్లండ్ తూర్పున డాగర్ బ్యాంక్ గాలిమరలు ఒడ్డుకు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్నయి. టెక్నీషియన్లను ఎక్కించుకున్న ఓడ వారాల తరబడి అక్కడే ఉంటది. అంతకాలం ఏ బ్యాటరీ మోయలేదు. దాని పని కాపలా.

మర స్తంభం పక్కన ఓడ లంగరు వేయదు. కంప్యూటరే థ్రస్టర్లను (ఓడను ఎటైనా నెట్టే మోటారు పంకాలను) తిప్పుతూ దాన్ని ఉన్నచోట నిలబెడుతుంది. ఓడ నుంచి స్తంభానికి వేసిన వంతెన మీద మనుషులు నడుస్తుంటారు. అప్పుడు జనరేటర్ ఆగితే ఓడ కొట్టుకుపోవద్దు కదా! అందుకని ఒక్కటి చాలేచోట రెండు జనరేటర్లు తక్కువ లోడు మీద తిరుగుతూనే ఉంటయి. వడ్ల కొనుగోలు కేంద్రం ముందు వరుసలో ఇంజన్ ఆపకుండా నిలబడ్డ ట్రాక్టర్ లెక్క. తక్కువ లోడులో డీజిల్ సరిగా మండదు, యూనిట్‌కు ఎక్కువ తాగుతుంది, మసి పేరుకుంటుంది. బ్యాటరీ ఉంటే ఒకే జనరేటర్ మంచి లోడు మీద నడుస్తుంది. అది ఆగినా ఇంకోటి అందుకునేదాకా బ్యాటరీ ఓడను పట్టి ఉంచుతుంది. పొగ తగ్గేది ఇక్కడ.

షెడ్డులో చేసినందుకే నాకిది తొందరగా ఎక్కింది. మన డీజిల్ లోకోలో ఇంజన్ చక్రాలను తిప్పదు, కరెంటు పుట్టిస్తుంది. చక్రాలను తిప్పేవి మోటార్లు. ఈ ఓడల్లోనూ అంతే.

డీజిల్ బదులు మిథనాల్ అనే ద్రవ ఇంధనం కూడా వాడొచ్చంటారు. ఓడ మీద 'మిథనాల్ రెడీ' అని రాసుంటే మోసపోకు. ట్యాంకులకు, పైపులకు చోటు ముందే చూసిపెట్టారని అర్థం, అంతే. కాలేది ఇంకా డీజిలే కావచ్చు. అంతే శక్తికి మిథనాల్ డీజిల్ కంటే రెట్టింపుకు పైగా చోటు అడుగుతుంది. సుమారు 11 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వదులుతుంది, పగటిపూట దాని మంట సరిగా కనబడదు. అందుకే జంట గోడల పైపులు, గ్యాస్ సెన్సర్లు. ఇంకోమాట, బొగ్గుతోనో సహజవాయువుతోనో చేసిన మిథనాల్ పోస్తే వాతావరణానికి ఒరిగేదేమీ లేదు.

పని కచ్చితంగా ఉంది. బ్రిటన్‌లోని నార్త్ స్టార్ అనే ఓడల కంపెనీ 2024లో ఇలాంటి హైబ్రిడ్ ఓడను మన కొచ్చిన్ షిప్‌యార్డ్‌కే ఆర్డర్ ఇచ్చింది. కానీ డ్రాయింగ్ చదవడం రావాలె. మొదటి ఓడలో నేను రెండు సిగ్నల్ కేబుళ్లను పవర్ కేబుళ్ల ట్రేలోనే వేసిన. బ్యాటరీ రీడింగులు పిచ్చిగా ఎగిరినయి. కేబుళ్లు గోడ దాటేచోట బిగించిన సీల్ అంతా విప్పి, నాలుగు రాత్రులు మళ్లీ లాగినం. డ్రాయింగ్‌లో వేరే ట్రే స్పష్టంగా గీసే ఉంది.

ఆఖరి ఏడాదిలో పవర్ ఎలక్ట్రానిక్స్ తేలికగా తీసుకోకు. సెలవుల్లో తెలిసినవాళ్ల రైస్ మిల్లు ఉంటే అక్కడి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) ప్యానెల్ దగ్గర ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడు. థ్రస్టర్ మోటారును నడిపేది కూడా ఆ జాతి డ్రైవే, చాలా పెద్దది.