తిరుపతిలో మిద్దె మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు వేయాలి, ఎక్కడ చెడుతుంది, వాతావరణానికి ఏం ఒరుగుతుంది

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో రెండంతస్తుల సొంతిల్లు, ఎండాకాలంలో నెలకు 450 యూనిట్ల దాకా కాలుతున్నాయి. అమ్మడానికి వచ్చినవాళ్లు 5 కిలోవాట్లు పెట్టించుకోమంటున్నారు. ఏటేటా ఎండలు ముదురుతుంటే ప్యానెళ్లు సరిగ్గా పనిచేస్తాయా, దీనివల్ల వాతావరణానికి నిజంగా మేలు ఉందా?

5 కిలోవాట్లు వద్దండి. ముందు పాత ఫ్యాన్లు మార్చి, 2 కిలోవాట్లు వేయించండి. త్వరలో ఎలక్ట్రిక్ స్కూటరో ఇండక్షన్ పొయ్యో తెచ్చుకునే ఆలోచన ఉంటే 3. అంతకు మించి ఎందుకు అక్కర్లేదో మీ బిల్లులోనే ఉంది.

మన రాష్ట్రంలో గృహ వినియోగానికి స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 450 యూనిట్లకు కరెంటు ఖర్చు దాదాపు 3,036 రూపాయలు (ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వేరు). మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు 120 వస్తాయి. సోలార్ యూనిట్లు బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తాయి. కాబట్టి మొదటి కిలోవాట్ 9.75, 8.75 రేట్లను తినేస్తుంది. నాలుగో కిలోవాట్ వంతు వచ్చేసరికి ఎక్కువగా 1.90, 3 రూపాయల యూనిట్లే మిగిలి ఉంటాయి.

అంకెల్లో చూడండి. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు పోయి 210 మిగులుతాయి, బిల్లు 927కు దిగుతుంది. అంటే 2,100 రూపాయలకు పైనే ఆదా. మూడో కిలోవాట్ దాన్ని 260కి దించుతుంది, ఆదా ఇంకో 667. నాలుగోది ఆ 260ని కూడా మింగి ఇంకా 30 యూనిట్లు మిగులుస్తుంది. ఐదోదంతా మిగులే. మిగులు యూనిట్లకు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) కట్టే ధర మీ పై స్లాబు రేటు దరిదాపుల్లోకి కూడా రాదు. ఇదంతా ఎండాకాలం లెక్క. డిసెంబరులో మీ వాడకం సగానికి పడిపోతే ఆ మూడో కిలోవాట్ కూడా దండగే.

సబ్సిడీ కూడా ఈ లెక్కకే తగ్గట్టుంది. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, ఆ పైన సున్నా. ఎంత పెద్దది పెట్టినా 78,000 దాటి రాదు.

ఫ్యాన్ల మాట ఎందుకన్నానంటే, పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటు తాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి. మీ స్లాబులో అది 600 రూపాయలకు పైమాటే. మూడో కిలోవాట్ ఇచ్చే ఆదా దాదాపు అంతే, ఖర్చు మాత్రం మూడింతలు పైన. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు, ఫ్యాన్లు వాళ్ల సరుకు కాదు కదా.

ఇక ఎండ సంగతి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు లోపల కరెంటు పుట్టించే సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం బయట 42 ఉంటే సెల్ 68, 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. మోనో పెర్క్ రకం డిగ్రీకి 0.35 శాతం చొప్పున కోల్పోతుంది, అంటే ఆ గంటలో 15 శాతానికి పైగా పోయినట్టే. టాప్‌కాన్ రకమైతే డిగ్రీకి 0.30 శాతం దగ్గర ఉంటుంది. ధర తేడా తక్కువైతే మన ఊరికి అదే మేలు. అయినా ఏడాదిలో ఎక్కువ యూనిట్లు వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లోనే, ఎందుకంటే వెలుతురు అంత దండిగా ఉంటుంది. తక్కువ వచ్చేది నవంబరులో, ఈశాన్య రుతుపవనాల మబ్బు పట్టినప్పుడు. భూమి సగటు వేడి ఇంకో డిగ్రీ పెరిగితే ప్యానెల్‌కు తగ్గేది అర శాతం లోపే. ఆ డిగ్రీ వల్ల రాత్రంతా ఏసీ ఆపలేకపోవడం మీ బిల్లుకు దానికంటే పెద్ద దెబ్బ.

ప్యానెల్ వెనక గాలి ఆడితే కొన్ని డిగ్రీలు దిగుతుంది. స్లాబుకు అంటించినట్టు వేయనివ్వకండి, కనీసం అడుగు ఎత్తు ఉండాలి. ముఖం దక్షిణానికి, వాలు 10 నుంచి 15 డిగ్రీలు. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరాది వీడియోలు చూసి 25, 30 డిగ్రీల వాలు పెడితే ఆ నెలల్లో నష్టం, గాలి పట్టు కూడా ఎక్కువవుతుంది. 10కి తగ్గితే వానకు దుమ్ము జారదు, కింది అంచున బురద గీతలా గట్టిపడుతుంది.

నీడ దగ్గర మొహమాటం వద్దు. మెట్ల గది, ట్యాంకు దిమ్మె ప్యానెళ్లకు దక్షిణాన ఉంటే డిసెంబరులో మధ్యాహ్నం కూడా వాటి ఎత్తులో ముప్పాతిక పొడవు నీడ పడుతుంది. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు ఇంకా సాగుతుంది. ఎత్తుకు రెండింతల దూరం వదలండి. ఒక ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లుంటాయి, నీడ పడ్డ భాగాన్ని పక్కకు తప్పించేవి ఇవే. ట్యాంకు పైపు నీడ ఒక మూల పడినా మూడో వంతు ప్యానెల్ పడుకుంటుంది.

స్ట్రక్చర్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, డబ్బు మిగుల్చుకునేది అందరూ ఇక్కడే. 550 వాట్ల ప్యానెల్ దాదాపు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు, 28 కిలోల బరువు. 2 కిలోవాట్లకు నాలుగు, 3కు ఆరు పడతాయి. ఆరు ప్యానెళ్లంటే 15 చదరపు మీటర్ల తెరచాప. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీస్తే చదరపు మీటరు మీద 47 కిలోల దాకా ఒత్తిడి పడుతుంది, అంటే మొత్తం ఏడు క్వింటాళ్లు. కింద ఊరికే పెట్టే సిమెంటు దిమ్మె అడుగు పొడవు, వెడల్పు, ఎత్తుతో 68 కిలోలు తూగుతుంది. నాలుగు దిమ్మెలు పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని లెక్కే చెప్తోంది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టినప్పుడల్లా గాలివాన ఇక్కడిదాకా వస్తుంది. కాళ్లను స్లాబుకు కెమికల్ యాంకర్లతో బిగించి, వాటి చుట్టూ సిమెంటు పీఠం కట్టి, పైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించండి. రంధ్రం వేసి మామూలు బోల్టు దించి వదిలేస్తే మొదటి నవంబరుకే కింద గది సీలింగు చెమ్మ పడుతుంది. ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్ అయి ఉండాలి. మిద్దె మీదికి తెచ్చి కోసిన చోట, డ్రిల్ వేసిన చోట జింకు పూత పోతుంది, అక్కడ కోల్డ్ గాల్వనైజింగ్ పెయింట్ వేశాకే ప్యానెల్ ఎక్కించనివ్వండి. మిద్దె వాడుకోవడానికి ఎనిమిదడుగుల ఎత్తు స్ట్రక్చర్ కావాలంటే అడ్డ బ్రేసింగు తప్పనిసరి.

వైరింగులో ఎక్కువగా వచ్చే తగాదాలు మూడు. వాన పడ్డ మర్నాడు పొద్దున ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) ‘ఐసొలేషన్ ఫాల్ట్’, అంటే కరెంటు నేలకు కారుతోందని, చూపించి ఆన్ కాదు, పది గంటలకు దానంతట అదే లేస్తుంది. ప్యానెల్ తీగల్ని కలిపే ఎంసీ4 కనెక్టర్లు స్లాబు మీద పడి నీళ్లలో నానడమే కారణం. వాటిని రైలు కిందికి ఎత్తి, ఎండకు తట్టుకునే టైలతో కట్టాలి. రెండోది కనెక్టర్ కాలడం. ప్యానెల్‌తో వచ్చిన కంపెనీ ఒకటి, ఎలక్ట్రీషియన్ జోడించినది ఇంకొకటి అయితే లోపల పిన్ను పట్టు కుదరక వేడెక్కుతుంది. రెండు వైపులా ఒకే కంపెనీవి ఉండాలి, ప్లయర్‌తో నొక్కకుండా క్రింపింగ్ టూలుతోనే చేయాలి.

మూడోది మధ్యాహ్నం ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని ఆగిపోవడం. ఇది వీధిలో సోలార్లు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. మన సరఫరా 230 వోల్టులు, పై హద్దు 253. మధ్యాహ్నం ఇళ్లలో వాడకం తక్కువ, అందరి సోలారూ లైనులోకి తోస్తుంటుంది, చివరి ఇళ్లలో వోల్టేజ్ 250 దగ్గరికి ఎగబాకుతుంది. ఇన్వర్టర్ నుంచి మీటరుకు 25 మీటర్లుంటే, 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు పారుతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 5 వోల్టులు అదనంగా చేరతాయి, 6 తీగలో 2 మాత్రమే. తీగ మందం ముందే అడిగి రాయించుకోండి. అప్పటికీ ఆగుతుంటే వారం రోజుల వోల్టేజ్ రీడింగులు యాప్ నుంచి తీసి సెక్షన్ ఏఈకి ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చడమో, మీ సర్వీసును వేరే ఫేజుకు వేయడమో వాళ్ల చేతిలో పనే. ఇన్వర్టర్ లోపల హద్దు పెంచేస్తామనే మెకానిక్ మాట వినకండి.

ఎర్తింగుకు గుంతలు మూడు ఉండాలి: స్ట్రక్చర్, డీసీ వైపుకు కలిపి ఒకటి, ఇన్వర్టర్ తర్వాతి ఏసీ కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. నిరోధం 5 ఓమ్‌ల లోపు రావాలి. కొండవార ఇళ్లలో కాస్త తవ్వగానే బండ తగిలితే కెమికల్ ఎర్తింగు చేయించండి. కొలత మే నెలలో తీయించాలి. తడి నేలలో ఎవరికైనా మంచి అంకె వస్తుంది.

కొండకు దగ్గర వీధులైతే కోతుల్ని మరిచిపోవద్దు. అవి ప్యానెల్ అద్దాన్ని పగలగొట్టడం అరుదు. వేలాడే తీగ కనిపిస్తే మాత్రం పట్టుకుని ఊగుతాయి. డీసీ తీగలన్నీ పైపులో, పైపు గోడకు ప్రతి రెండడుగులకు క్లాంపుతో ఉంటే ఆ గోల ఉండదు.

కడగడం ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి, సూర్యుడు రాకముందే. కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆరాక తెల్లటి పొర మిగిలి, అది దుమ్ముకంటే మొండిగా పట్టుకుంటుంది. మున్సిపల్ నీళ్లు వాడండి, లేకపోతే బోరు నీళ్లతో కడిగి వెంటనే రబ్బరు వైపరుతో లాగేయండి. సబ్బు పొడి వద్దు.

కాగితాల పనిలో ఆగేది ఎక్కువగా ఒక్కచోటే. సర్వీసు చనిపోయిన తండ్రి పేరునో తాత పేరునో ఉంటుంది. ముందు పేరు మార్పించుకున్నాకే పోర్టల్‌లో నమోదు చేయండి. మనకు డిస్కమ్ ఏపీఎస్పీడీసీఎల్. నమోదు, వెండర్ ఎంపిక, బిగింపు, తనిఖీ, నెట్ మీటరు, ఆ తర్వాత ఖాతాలో సబ్సిడీ, ఇదీ వరస. సెల్స్ కూడా ఇండియాలో తయారైన డీసీఆర్ ప్యానెళ్లకే సబ్సిడీ. సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకుని ప్యానెల్ వెనక స్టిక్కరుతో పోల్చి చూడండి.

కరెంటు పోతే మీ సోలారూ ఆగిపోతుంది, ఇది గుర్తుంచుకోండి. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణం కోసం ఇన్వర్టర్ అలా చేస్తుంది, లోపం కాదు. దీనికోసం లిథియం బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కొనడం టౌన్లో ఇప్పటికి నాకు అనవసరం అనిపిస్తుంది. కరెంటు కోతలకు ఇళ్లలో మామూలుగా పెట్టుకునే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఫ్యాన్లు, లైట్లకు చాలు.

వాతావరణం మాట. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తారు. 2 కిలోవాట్లు ఏడాదికి దాదాపు 2,900 యూనిట్లు ఇస్తాయి, అంటే రెండు టన్నులు. ఇది తక్కువేం కాదు. కానీ ఇంధన నిపుణులు ఇప్పుడు తలపట్టుకునేది సాయంత్రం ఏడు నుంచి పది మధ్య గురించి. పగలు దేశంలో సోలార్ దండిగా ఉంది. 2025 నాటికే స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివాటిదైంది. పొద్దుగుంకగానే మాత్రం మన ఏసీలు ఆన్ అవుతాయి, ఆ భారం ముద్దనూరు దగ్గరి 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ లాంటివాటి మీద పడుతుంది. అందుకే పిన్నాపురంలో లాగా నీళ్లు పగలు పైకి తోడి సాయంత్రం దించి కరెంటు తీసే కేంద్రాలు, గ్రిడ్ బ్యాటరీలు వస్తున్నాయి.

మీ చేతిలో ఉన్నది పగటి కరెంటును పగలే వాడటం. బోరు మోటారుకు టైమరు పెట్టి పదకొండు నుంచి రెండు మధ్య తోడించండి, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, స్కూటర్ చార్జింగు కూడా ఆ వేళకే జరపండి. నెట్ మీటరులో యూనిట్‌కు యూనిట్ సర్దుబాటు కాబట్టి దీనివల్ల బిల్లు మారదు, కానీ పైన చెప్పిన ఓవర్ వోల్టేజ్ ట్రిప్పులు తగ్గుతాయి, సాయంత్రం బొగ్గు వాటా తగ్గుతుంది. ఏసీ 22 నుంచి 26కు పెంచండి. డిగ్రీకి 6 శాతం దాకా ఆదా అని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క, అది కూడా సరిగ్గా ఆ రాత్రి వేళల్లోనే.